దారి చూపే శబ్దం, చోటు తెలిపే శబ్దం: ఒక వర్చువల్ శిక్షణ భవనం కేస్ స్టడీ

ఈ కేసులోని భవనం ఒక నీటి పంపింగ్ కేంద్రం. నేల మీద ఒక అంతస్తు, భూమి లోపల రెండు అంతస్తులు, వాటిని కలిపే రెండు మెట్ల దారులు ఉన్నాయి. అన్నిటికన్నా కింద పంపుల హాలు, దానికి ఆనుకుని కంప్రెసర్ గది, అక్కడి నుంచి కేబుళ్లు వెళ్లే ఇరుకైన సొరంగం ఉంటాయి. వాటి పై అంతస్తులో ట్రాన్స్‌ఫార్మర్ గది, సామాన్లు పెట్టే స్టోరు ఉంటాయి. నిర్వహణ సిబ్బందిలో కొత్తగా చేరినవారు అసలు భవనంలో అడుగు పెట్టకముందే, కరెంటు పోయి పొగ కమ్మినప్పుడు బయటపడటాన్ని వర్చువల్ రియాలిటీలో సాధన చేయాలన్నది మాకు అప్పగించిన పని. భవనం రూపాన్ని కొలతలతో సహా వేరే బృందం తయారు చేసింది. అందులో వినిపించే ప్రతి శబ్దానికీ బాధ్యత మాది. శిక్షణార్థి హెడ్‌సెట్ పెట్టుకుని నిలబడతాడు, చేతిలోని కంట్రోలర్ పుల్లను ముందుకు నెట్టి నడుస్తాడు. పొగ పూర్తిగా కమ్మాక అతనికి అడుగు దూరంలోని గోడ కూడా కనిపించదు. అక్కడి నుంచి అతనికి మిగిలేది చెవి ఒక్కటే.

పని మొదలుపెట్టినప్పుడు మేము దీన్ని చిన్న సమస్యగానే భావించాం. బయటకు వెళ్లే తలుపుల దగ్గర పిలిచే శబ్దం ఉంచితే మనిషి దాని వెంట వస్తాడు కదా అనుకున్నాం. ఆ ఆలోచనకు ఆధారం లేకపోలేదు. చూపు లేనివారి కోసం జాక్ లూమిస్, రెజినాల్డ్ గొలెజ్, రోబర్టా క్లాట్జ్కీ బృందం రూపొందించిన దారి చూపే వ్యవస్థ మీద 1998లో వెలువడిన ఫలితాల్లో, ఎటు తిరగాలో మాటల్లో చెప్పడం కన్నా ఆ దిక్కు నుంచే శబ్దం వచ్చినట్టు వినిపించడం మెరుగ్గా పనిచేసింది. గమ్యం దగ్గర ఉండి రమ్మని పిలిచే ఇలాంటి శబ్దాన్ని ఈ రంగంలో బీకన్ అంటారు. మేము చేసిన మొదటి కూర్పు అంతా బీకన్ల మీదే నిలబడింది. మిగతా శబ్దాలు, అంటే అలారం, యంత్రాల హోరు, అడుగుల చప్పుడు, వాతావరణం కోసం పెట్టినవి మాత్రమే.

మొదటి కూర్పు ఎందుకు విఫలమైంది

మొదటి పరీక్షలో శిక్షణార్థులు చేసిన పని ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. బీకన్ మోగగానే నిలబడిపోయేవారు, తల అటూ ఇటూ తిప్పేవారు, ఒక దిక్కు ఎంచుకుని నడిచేవారు, చాలామంది సరిగ్గా వ్యతిరేక దిక్కుకే నడిచేవారు. "శబ్దం వినిపిస్తోందండీ, ఎక్కడి నుంచో మాత్రం తెలియడం లేదు" అన్న మాట రకరకాలుగా పదేపదే వచ్చింది. శబ్దం గట్టిగానే ఉంది, హెడ్‌ఫోన్లూ మంచివే. తప్పు మేము ఎంచుకున్న శబ్దంలోనే ఉంది.

మనిషి చెవి దిక్కును పోల్చుకునే తీరులోని రెండు ప్రధాన మార్గాలను భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ఒక పక్క నుంచి వచ్చే శబ్దం దగ్గరి చెవికి ముందుగా, దూరపు చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. సగటు తలకు ఈ తేడా ఎంత ఎక్కువైనా సుమారు 0.6 నుంచి 0.7 మిల్లీసెకన్లే. అలాగే తల అడ్డుపడటం వల్ల దూరపు చెవికి శబ్దం తీవ్రత తగ్గుతుంది. కాల వ్యత్యాసం తక్కువ పౌనఃపున్యాల్లో బాగా పనిచేస్తుంది, తీవ్రత వ్యత్యాసం ఎక్కువ పౌనఃపున్యాల్లో బాగా పనిచేస్తుంది. ఆ రెంటి నడుమ రెండూ బలహీనపడే ప్రాంతం ఒకటుంది. 1936లో స్టీవెన్స్, న్యూమన్ శుద్ధ స్వరాలతో, అంటే ఒకే పౌనఃపున్యం ఉన్న శబ్దాలతో ప్రయోగం చేసి, వినేవారు దిక్కును పోల్చుకోవడంలో ఎక్కువ పొరపాటు పడేది 3,000 హెర్ట్జ్ పరిసరాల్లోనని చూపారు. అక్కడ తరంగదైర్ఘ్యం సుమారు 11 సెంటీమీటర్లు. తల వెడల్పు అంతకన్నా ఎక్కువ కాబట్టి, రెండు చెవులకూ అందే తరంగాల్లో ఏ శిఖరం దేనికి జోడో తేల్చుకోవడం చెవికి సాధ్యం కాదు. మేము బీకన్‌గా పెట్టింది సరిగ్గా 3,000 హెర్ట్జ్ బీప్. గోడలకు తగిలించే సాధారణ పొగ అలారాలు ఆ ప్రాంతంలోనే మోగుతాయి కనుక అది సహజంగా ఉంటుందని ఎంచుకున్నాం. హెచ్చరించడానికి పనికొచ్చే శబ్దం దిక్కు చెప్పడానికీ పనికొస్తుందన్న ఊహే మా మొదటి తప్పు.

ఈ తేడాను భవనాల భద్రతా రంగం ముందే గుర్తించింది. లీడ్స్ విశ్వవిద్యాలయంలో డెబొరా విథింగ్టన్, పొగలో జనాన్ని బయటి తలుపు వైపు నడిపించడానికి విస్తృత పౌనఃపున్యాలున్న ఘోషను, అంటే ఎన్నో పౌనఃపున్యాలు ఒకేసారి కలిసిన హోరును వాడే సౌండర్ల (శబ్దం చేసే పరికరాల) మీద పనిచేశారు. ఘోషలో తక్కువ పౌనఃపున్యాలు కాల వ్యత్యాసాన్ని అందిస్తాయి, ఎక్కువ పౌనఃపున్యాలు తీవ్రత వ్యత్యాసాన్ని అందిస్తాయి, ఇంకా పైనున్నవి చెవి డొప్ప మడతల్లో పడి దిక్కును బట్టి మారే రంగును, అంటే శబ్దపు స్వభావంలో తేడాను అందిస్తాయి. అంటే చెవికి తెలిసిన మూడు సాక్ష్యాలూ ఒకేసారి దొరుకుతాయి. మేము బీప్‌ను తీసేసి, 200 హెర్ట్జ్ నుంచి 12 కిలోహెర్ట్జ్ దాకా వ్యాపించి, మొదలు పదునుగా ఉండే పొట్టి ఘోషల వరుసను పెట్టాం. మార్పు మరుసటి పరీక్షలోనే కనిపించింది. ఎడమా కుడీ అన్న సందేహం దాదాపు పోయింది.

ముందూ వెనుకా అన్న సందేహం మాత్రం పోలేదు. ఎదురుగా ముప్పై డిగ్రీలు కుడికి ఉన్న శబ్దమూ, వెనుక ముప్పై డిగ్రీలు కుడికి ఉన్న శబ్దమూ రెండు చెవులకూ ఇంచుమించు ఒకే కాల వ్యత్యాసంతో, ఒకే తీవ్రతా వ్యత్యాసంతో చేరతాయి. వాటిని విడదీసేది చెవి డొప్ప వేసే రంగు. ఆ రంగును హెడ్‌ఫోన్లలో పునఃసృష్టించడానికి వాడే కొలతల పట్టికను హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. 1994లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కెమార్ అనే బొమ్మ తల మీద తీసిన కొలతలు ఇందుకు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. కానీ ఏ ఇద్దరి చెవి డొప్పలూ ఒకలా ఉండవు, పరాయి చెవితో విన్నప్పుడు ముందూ వెనుకా తారుమారు కావడం బాగా పెరుగుతుంది. ప్రతి శిక్షణార్థి చెవినీ కొలవడం మా పరిధిలో లేదు. మిగిలిన ఉపాయం 1940లో హాన్స్ వాలక్ చూపించినదే: తల కాస్త తిప్పితే సందేహం తీరిపోతుంది. ముందున్న శబ్దం తల కుడికి తిరిగినప్పుడు ఎడమ చెవి వైపు జరుగుతుంది, వెనుకనున్నది కుడి చెవి వైపు జరుగుతుంది. పరాయి హెచ్‌ఆర్‌టీఎఫ్‌తో కూడా ఇది పనిచేస్తుంది.

అయితే తల తిప్పే అవకాశాన్ని మేమే మూడు విధాలుగా చెడగొట్టామని అప్పుడు తెలిసింది. ఒకటి, శరీరాన్ని కదపకుండా కంట్రోలర్ పుల్లతోనే 45 డిగ్రీల చొప్పున గభాలున తిరిగే సౌకర్యం ఇచ్చాం; అలా తిరిగినప్పుడు శబ్దం మధ్య స్థానాలేవీ లేకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకుతుంది, దాని నుంచి చెవి ఏమీ నేర్చుకోలేదు. ఆ సౌకర్యాన్ని తొలగించి, శిక్షణార్థి తన కాళ్ల మీద తానే తిరగాలని నియమం పెట్టాం. మరొకటి, తీగ అడ్డం లేకుండా ఉంటుందని కొన్నాళ్లు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడాం. వాటిలో ఆలస్యం తేలిగ్గా 100 మిల్లీసెకన్లు దాటుతుంది కాబట్టి, తల తిరిగిన తరువాత శబ్దం వెనకబడి కదిలేది. తీగ ఉన్న హెడ్‌ఫోన్లకు తిరిగి వచ్చాం. అన్నిటికన్నా ముఖ్యమైనది, మా ఘోష మరీ పొట్టిగా ఉంది. పదో వంతు సెకనులో ముగిసే శబ్దం వింటూ ఎవరూ తల తిప్పలేరు. దిక్కు చెప్పే శబ్దం కనీసం ఒక సెకను పైన కొనసాగాలి లేదా అంతసేపు వరుసగా మోగాలి అన్నది అప్పటి నుంచి మా బృందంలో స్థిరపడిన నియమం.

ఎత్తు విషయంలో చెవిని నమ్ముకోవడం మానేశాం. పైనుంచా కిందినుంచా అన్నది దాదాపు పూర్తిగా చెవి డొప్ప రంగు మీదే ఆధారపడుతుంది, అది మా దగ్గర అరువు రంగు. అందుకే మెట్ల బీకన్‌ను శిక్షణార్థి ఉన్న అంతస్తులోనే, మెట్ల గది తలుపు దగ్గరే ఉంచి, పైకి వెళ్లాల్సిన చోట ఘోషల వరుస స్వరస్థాయి (శ్రుతి) మెల్లగా పెరిగేలా, కిందికి వెళ్లాల్సిన చోట తగ్గేలా చేశాం. ఇది నేర్పాల్సిన సంకేతం, కానీ ఒక్కసారి చెబితే ఎవరూ మరచిపోలేదు.

గోడలోంచి పిలుపు

దిక్కు స్పష్టమయ్యాక కొత్త విఫలత బయటపడింది, ఇది ముందుదానికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది. శిక్షణార్థులు బీకన్ వైపు తడబడకుండా నడిచి, నేరుగా గోడకు కొట్టుకునేవారు. వర్చువల్ భవనాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే గేమ్ ఇంజన్, తన సహజ స్థితిలో శబ్దం ఉన్న చోటికీ వినేవాడి తలకూ మధ్య సరళరేఖ గీసి, దిక్కునూ దూరాన్నీ ఆ రేఖ నుంచే లెక్కిస్తుంది. గోడ అడ్డం వస్తే పై పౌనఃపున్యాలను కాస్త తగ్గిస్తుంది, దిక్కును మాత్రం మార్చదు. అసలు భవనంలో శబ్దం కాంక్రీటు గోడను దాటి రావడం అరుదు. తలుపు సందులోంచి, వరండా మలుపు తిరిగి, వివర్తనం చెంది, అంటే అంచుల దగ్గర వంగి వస్తుంది. పక్క గదిలో మాట్లాడుతున్న మనిషి గొంతు మనకు తలుపు వైపు నుంచే వినిపిస్తుంది, అతను నిజంగా నిలుచున్న గోడ వైపు నుంచి వినిపించదు. ఈ చిన్న సత్యంలోనే దారి వెతకడానికి కావలసినదంతా ఉంది: శబ్దం నడిచిన దారే మనిషీ నడవగల దారి.

కాబట్టి ప్రతి తలుపునూ, ప్రతి మలుపునూ ఒక ద్వారంగా గుర్తించి, బీకన్ నుంచి వినేవాడి దాకా ద్వారాల గుండా పోయే అతి దగ్గరి దారిని లెక్కించాం. శబ్దం ఆ దారిలో వినేవాడికి ఎదురయ్యే మొదటి ద్వారం దగ్గరే పుట్టినట్టు వినిపిస్తుంది. తీవ్రతను సరళరేఖ దూరాన్ని బట్టి కాక దారి పొడవును బట్టి తగ్గించాం. ఒక్కో మలుపుకు పై పౌనఃపున్యాలను మరికాస్త కోసేశాం, ఎందుకంటే తక్కువ పౌనఃపున్యాలు మూలలు తిరిగినంత తేలిగ్గా ఎక్కువ పౌనఃపున్యాలు తిరగవు. వైజ్ వంటి శబ్ద సాధనాల్లో గదులు, ద్వారాల ఏర్పాటు సిద్ధంగానే ఉంది, స్టీమ్ ఆడియో అనే మరో సాధనంలోనూ దారిని లెక్కించే పద్ధతి ఉంది. మా భవనంలో పొగతోపాటు తలుపులు మూసుకోవడం కూడా జరుగుతుంది కనుక, ఆ లెక్కను మేమే రాసుకున్నాం.

ఈ పద్ధతికి తనదైన చిక్కు ఒకటుంది. పంపుల హాలు మధ్యలో నిలబడితే రెండు మెట్ల దారులూ దాదాపు సమాన దూరంలో ఉంటాయి. ఒక అడుగు అటు వేస్తే దగ్గరి దారి ఎడమ తలుపు, ఒక అడుగు ఇటు వేస్తే కుడి తలుపు. శబ్దం కూడా అలాగే ఎడమ నుంచి కుడికి ఎగిరేది. దాన్ని విన్న శిక్షణార్థి తానే పొరబడ్డానని అనుకుని అక్కడే తిరుగుతూ ఉండిపోయేవాడు. రెండు దారుల శబ్దాన్నీ వాటి పొడవుకు తగిన పాళ్లలో ఒకేసారి వినిపించడం, ఒకసారి ఒక దారి ఎంచుకున్నాక రెండోది చెప్పుకోదగినంత దగ్గరైతే తప్ప మార్చకపోవడం అనే రెండు మార్పులతో అది సర్దుకుంది. సగంలో మనసు మార్చుకునే మార్గదర్శిని మనిషి నమ్మడు.

దూరం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైతే తీవ్రత 6 డెసిబెల్స్ తగ్గుతుంది, కానీ మనుషులు శబ్దపు దూరాన్ని అంచనా వేయడంలో మొదటి నుంచీ బలహీనులు. దూరపు శబ్దాన్ని దగ్గరిదిగా భావిస్తారు. నేరుగా వచ్చే శబ్దానికీ గదిలోని ప్రతినాదానికీ (గోడలకు తగిలి తిరిగి వస్తూ కాసేపు నిలిచే మోతకూ) ఉన్న నిష్పత్తి వారికి తీవ్రతకన్నా నమ్మకమైన ఆనవాలు. ఆ నిష్పత్తిని సరిగా ఉంచి, తలుపుకు ఒకటిన్నర మీటరు దగ్గరకు రాగానే బీకన్ తరువాతి చోటికి మారేలా పెట్టాం. బ్రూస్ వాకర్, జెఫ్రీ లిండ్సే 2006లో ప్రచురించిన ప్రయోగాలు ఈ వ్యాసార్ధం ఎంపిక నడక వేగం మీదా, నడిచే దారి మీదా ప్రభావం చూపుతుందని చెబుతున్నాయి. అందుకే దాన్ని ఊహతో నిర్ణయించకుండా పలుమార్లు మార్చి చూశాకే ఖాయం చేశాం.

అలారం సంగతి వేరు. దాన్ని తగ్గించడానికి వీల్లేదు, ఎందుకంటే శిక్షణార్థి రేపు నిజంగా వినబోయేది దాన్నే. అది మోగుతున్నంతసేపూ మా ఘోష దాని కింద మునిగిపోయేది. పరిష్కారం అలారం లయలోనే దొరికింది. ఐఎస్ఓ 8201 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఖాళీ చేయమని చెప్పే సంకేతంలో అర సెకను మోత, అర సెకను నిశ్శబ్దం చొప్పున మూడు మోతలు ఉంటాయి; మూడో మోత తరువాత ఒకటిన్నర సెకన్ల విరామం వస్తుంది. ప్రతి నాలుగు సెకన్లకూ వచ్చే ఆ విరామంలో మా ఘోషల వరుసను అమర్చాం. తల తిప్పడానికి సరిపోయినంత సమయం అందులో ఉంది. కొద్ది నిమిషాల్లోనే శిక్షణార్థులు అలారం మోగుతున్నప్పుడు నడవడం, అది ఆగినప్పుడు నిలబడి వినడం అలవాటు చేసుకున్నారు. అలా చేయమని మేము చెప్పలేదు.

బీకన్ తీసేసిన రోజు

ఇక్కడితో పని పూర్తయిందని మేమే కాదు, పని అప్పగించినవారూ అనుకున్నారు. పొగలోనూ శిక్షణార్థులు తడబాటు లేకుండా బయటికి వస్తున్నారు. కానీ అసలు భవనంలో బీకన్లు లేవు. అందుకని ఒకరోజు బీకన్లన్నీ ఆపేసి, అదే భవనంలో అదే చోట వారిని నిలబెట్టాం. అంతకుముందు పలుమార్లు దాన్ని దాటి వెళ్లినవారు మొదటి మలుపులోనే తప్పిపోయారు. భవనం పటం గీయమంటే ఒక గీత గీసి, దాని మీద మలుపులు గుర్తించారు. గదులు లేవు. ఏ గది దేని పక్కన ఉందో తెలియదు. "రెండోసారి ఎడమ, తరువాత మెట్లు" అన్నంత వరకే వారి జ్ఞానం.

ఒక ప్రదేశాన్ని మనిషి నేర్చుకునే క్రమాన్ని సీగెల్, వైట్ 1975లో మూడుగా చెప్పారు: ముందు గుర్తులు, వాటిని కలిపే దారులు, చివరకు మొత్తం ప్రదేశపు అమరిక. మేము శిక్షణార్థులకు మొదటిదాన్నే ఇవ్వలేదు. బీకన్ మనిషి బుర్రను గమ్యం మీదే నిలుపుతుంది, మధ్యలో ఉన్న చోటును వినే అవసరం లేకుండా చేస్తుంది. మేము చేసిన దారి చూపే శబ్దం ఎంత బాగుపడితే, ఆ భవనం వారికి అంత తక్కువగా తెలిసింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే. ఆ తరువాతి పనంతా చోటు తెలిపే శబ్దం గురించే.

ఆ మలుపు ఒక పరీక్షకురాలి వల్ల వచ్చింది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు, వర్చువల్ పరిసరాలను పరీక్షించడంలో అనుభవం ఉంది. మేము బీకన్ల గురించి ఆమె అభిప్రాయం కోసం పిలిచాం. ఆమె పంపుల హాలులో నిలబడి బీకన్‌ను పట్టించుకోకుండా ముందు నాలుకతో టకటక చప్పుడు చేసింది, తరువాత చేత్తో చప్పట్లు కొట్టింది, రెండూ వర్చువల్ భవనంలోకి చేరవని అర్థమయ్యాక కంట్రోలర్‌తో నాలుగడుగులు వేసి అడుగుల చప్పుడు విన్నది. తరువాత స్టోరులోకి వెళ్లి అలాగే చేసింది. "ఈ హాలుకు గోడలు లేవండీ, ఆ స్టోరుకూ లేవు. రెండూ ఒకే గది" అంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. భవనమంతటికీ కలిపి మేము ఒకే ప్రతినాదాన్ని పెట్టాం.

చూపు లేనివారు అడ్డంకులను ముందే పసిగట్టడం ముఖచర్మపు స్పర్శ వల్ల అని ఒకప్పుడు నమ్మేవారు. 1944లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సూపా, కాట్జిన్, డాలెన్‌బాక్ చేసిన ప్రయోగాలు అది వినికిడి పనేనని తేల్చాయి. చూపున్నవారికీ ఆ శక్తి ఎంతో కొంత ఉంది, వాడుకోరంతే. పొగలో దాన్ని వాడుకోవాల్సి వస్తుంది.

ప్రతి గదికీ దాని సొంత ప్రతినాదాన్ని లెక్కించాం. వాలెస్ సబైన్ సూత్రం ఇందుకు చాలు: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గోడలూ వస్తువులూ కలిసి పీల్చుకునే శబ్దపు మొత్తంతో భాగిస్తే ప్రతినాదం అణగడానికి పట్టే సెకన్లు వస్తాయి. పంపుల హాలు 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల ఎత్తు. కాంక్రీటు, ఇనుము తప్ప మరేమీ లేదు, శోషణ గుణకం (తగిలిన శబ్దంలో ఉపరితలం పీల్చుకునే వంతు) సగటున 0.08 అనుకుంటే సుమారు 3.4 సెకన్లు వస్తుంది. స్టోరు 5, 4, 3 మీటర్ల గది. అట్టపెట్టెలతో, గోతాలతో నిండి ఉంటుంది, గుణకం 0.3 అనుకుంటే సెకనులో మూడో వంతు. ఈ రెండు గదుల తేడా ఒక్క అడుగు చప్పుడులో తెలిసిపోతుంది. కేబుల్ సొరంగంలో ఎదురెదురు గోడలు దగ్గరగా ఉండటం వల్ల ప్రతిధ్వనులు గలగలమని వరుసగా వస్తాయి. దానికి సబైన్ సూత్రం చాలదు, గోడల నుంచి తిరిగి వచ్చే మొదటి కొన్ని ప్రతిఫలనాలను విడివిడిగా లెక్కించాం. శిక్షణార్థికి చేతి టార్చితో గోడను తట్టే వీలు కల్పించాం, ఆ తట్టుకు గది తనదైన జవాబిస్తుంది. అడుగుల కింద నేల కూడా మారేలా చేశాం: హాలు అంచున ఇనుప జాలీ, సొరంగంలో తడి కాంక్రీటు, స్టోరులో పొడి కాంక్రీటు. నగరాన్ని జనం మనసులో అంచులుగా, ప్రాంతాలుగా, కూడళ్లుగా, గుర్తులుగా, దారులుగా అమర్చుకుంటారని 1960లో నగర ప్రణాళికా నిపుణుడు కెవిన్ లించ్ చెప్పిన మాట చెవికీ వర్తిస్తుందని ఈ పని చేస్తున్నప్పుడు నాకు అర్థమైంది. ఇనుప జాలీ కాలికింద గణగణమన్నదంటే హాలు అంచుకు వచ్చామని అర్థం.

కరెంటు పోయాక మిగిలేవి

గుర్తుల కోసం మేము ముందుగా యంత్రాలను ఆశ్రయించాం. పంపుల గంభీరమైన హోరు, కంప్రెసర్ ఆగి ఆగి మొదలయ్యే లయ, 50 హెర్ట్జ్ సరఫరా మీద నడిచే ట్రాన్స్‌ఫార్మర్ చేసే 100 హెర్ట్జ్ రొద ఒకదానితో ఒకటి పొరబడనివి. ట్రాన్స్‌ఫార్మర్ రొద దిక్కును సరిగా చెప్పదు, గదినంతా నింపేస్తుంది; కానీ ఏ గదిలో ఉన్నామో చెబుతుంది, మాకు కావలసింది అదే. ఈ కూర్పును చూసిన నిర్వహణ విభాగపు అనుభవజ్ఞుడొకరు అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది: "కరెంటు పోయాక ఇవన్నీ ఆగిపోతాయి కదా బాబూ, అప్పుడు మావాళ్లు దేన్ని వింటారు?"

మేము గుర్తులుగా ఎంచుకున్న ప్రతి శబ్దమూ అత్యవసర స్థితిలో మొదటి క్షణంలోనే మూగబోయేదే. ఆయనతో కూర్చుని, కరెంటు లేకపోయినా వినిపించేవి ఏవో జాబితా వేశాం. సంప్‌లోకి నీరు పడే చప్పుడు ఆగదు. గాలి గొట్టంలో ఫ్యాను ఆగినా, పైనుంచి కిందికి గాలి సన్నగా ఈలవేస్తూనే ఉంటుంది. కొన్ని సెకన్ల తరువాత పై అంతస్తులో డీజిల్ జనరేటర్ అందుకుంటుంది. వేడిగా ఉన్న పంపుల ఇనుము చల్లారుతూ ఉండుండి టక్కుమంటుంది. వీటన్నిటితోపాటు ప్రతినాదం ఉంటుంది, దానికి కరెంటు అక్కర్లేదు. శిక్షణను రెండు భాగాలుగా మార్చాం. మొదటి భాగంలో వెలుతురులో, యంత్రాలు నడుస్తుండగా, శిక్షణార్థి భవనమంతా తిరిగి ఒక్కో గది ఎలా వినిపిస్తుందో తెలుసుకుంటాడు. తరువాత యంత్రాలు ఆగిపోతాయి, వెలుతురు ఉండగానే ఆ నిశ్శబ్దంలో మళ్లీ తిరుగుతాడు. పొగ వచ్చేది ఆ తరువాతే. బీకన్ ఇప్పుడు అడిగితేనే పలుకుతుంది: కంట్రోలర్ మీట నొక్కితే అలారం విరామంలో ఒక్కసారి మోగి ఆగిపోతుంది.

బీకన్ లేకుండా పొగలో నిలబెట్టినప్పుడు ఈసారి వారు ప్రవర్తించిన తీరు వేరు. ముందు నిలబడి గోడను తట్టేవారు. నీటి చప్పుడు ఎటువైపు ఉందో చూసుకునేవారు. పటాల్లో గదులు కనిపించాయి, కొన్నిటి ఆకారం తప్పుగా ఉన్నా వాటి పొరుగు సరిగా ఉంది. మాట కూడా మారింది. "పంపుల హాలు అవతల", "జనరేటర్ కింద", "నీళ్ల వైపు" అనసాగారు. మునుపటికన్నా నెమ్మదిగా బయటికి వచ్చారు, ఆ మాట దాచను. ఆ నెమ్మది పని అప్పగించినవారికి మొదట నచ్చలేదు. తప్పిపోయి వెనక్కు వచ్చినవారు కూడా తాము ఎక్కడ ఉన్నారో చెప్పగలుగుతున్నారని చూపించాక ఒప్పుకున్నారు.

ఒక చెవి

శిక్షణార్థుల్లో ఒకాయన మాత్రం ఏ కూర్పులోనూ దిక్కు పోల్చుకోలేకపోయాడు. తెలివైనవాడు, భవనం గురించి అడిగితే అన్నీ చెప్పేవాడు, పొగలో మాత్రం గిర్రున తిరిగేవాడు. మూడోసారి విఫలమయ్యాక పక్కకు తీసుకెళ్లి అడిగితే, "చిన్నప్పటి నుంచి నాకు ఎడమ చెవి వినపడదు సార్. చెబితే ఉద్యోగానికి అడ్డమవుతుందేమోనని చెప్పలేదు" అన్నాడు. రెండు చెవుల మధ్య తేడా మీద కట్టిన మా శబ్దమంతా అతనికి లేనట్టే. శిక్షణ మొదట్లోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఏకాంతంలో చేసే చిన్న వినికిడి పరీక్షను చేర్చవలసింది. అది మేము చేయలేదు. ఆ లోపం పూర్తిగా మాదే.

అతని కోసం బీకన్‌కు మరో రూపం చేశాం. తల సరైన దిక్కుకు దగ్గరవుతున్న కొద్దీ ఘోషల మధ్య ఎడం తగ్గుతుంది, దూరమవుతున్న కొద్దీ పెరుగుతుంది. సూటిగా ఎదురైనప్పుడు కంట్రోలర్ కూడా చేతిలో కంపిస్తుంది. దీనికి ఒక చెవి చాలు. తల తిప్పి వెతకడమే దిక్కును తెలుపుతుంది. గదుల ప్రతినాదం విషయంలో అతనికి ఏ సాయమూ అవసరం కాలేదు, మిగతావారికన్నా అతనే వాటిని బాగా గుర్తుపట్టాడు. ఆ తరువాత ఈ రూపాన్ని అందరికీ అందుబాటులో ఉంచాం, రెండు చెవులూ బాగున్నవారు కూడా కొందరు దీన్నే ఎంచుకుంటున్నారు.

అసలు భవనంలో

శిక్షణ పూర్తి చేసిన మొదటి బృందం అసలు భవనంలోకి వెళ్లినప్పుడు నేనూ వెంట ఉన్నాను. పంపుల హాలు మెట్లు దిగుతూనే ఒకరు చేతి టార్చితో గోడను తట్టి విన్నారు, పక్కనున్నవారు తలూపారు. సొరంగాన్నీ, సంప్‌నూ వెంటనే పోల్చుకున్నారు. స్టోరు దగ్గర మాత్రం అందరూ ఆగిపోయారు. తలుపు తెరిచి అడుగు వేయగానే, "ఇది స్టోరు కాదండీ" అన్నారు. లోపలికి చూస్తే గది ఖాళీగా ఉంది. మరమ్మతుల కోసం అట్టపెట్టెలనూ గోతాలనూ వేరే చోటికి తరలించారు, వట్టి గోడల మధ్య అడుగు చప్పుడు ఖంగుమంటోంది. మేము కొలతలు తీసుకున్న రోజున ఆ గది నిండుగా ఉంది.

ఇప్పుడు వర్చువల్ భవనంలో స్టోరుకు రెండు ప్రతినాదాలు ఉన్నాయి, ఒకటి నిండు గదికి, ఒకటి ఖాళీ గదికి. ప్రతి శిక్షణార్థీ రెంటినీ వింటాడు. గదుల్లో సామాను మారినప్పుడల్లా మాకు తెలియజేయమని నిర్వహణ విభాగాన్ని కోరాం, తెలియజేస్తున్నారు. క్రితంసారి వచ్చిన సమాచారం కంప్రెసర్ గది గోడలకు శబ్దాన్ని పీల్చుకునే పలకలు అమర్చారని. దాని కొలతలు ఇంకా తీసుకోవాలి.